ఆదివారాల ఖాళీ గళ్ళు

పద్నాలుగేళ్ళుగా నా దగ్గర ఒక అబద్ధం ఉంది. పెద్దదేం కాదు. ఒక్క వాక్యం. చెప్పడానికి రెండు క్షణాలు పట్టి ఉంటుంది. మోయడానికి మాత్రం ఇన్నేళ్ళు పట్టింది. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళకైతే ఈపాటికి ఏదో ఒక సాకు కలిపి చెప్పి ఉండేవాణ్ణి. సాకులు కలపడంలో నాకు మంచి చేయి ఉంది.

అనంతపురం దగ్గర ఒక విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతాను. పరిశోధనలో నిజాయితీ గురించి కొత్త విద్యార్థులకు ఏటా ఒక ఉపన్యాసం ఇవ్వడం కూడా నా పనే. బాగా చెబుతానని పేరు. నవ్వుకోండి, నేనేమీ అనుకోను.

పీహెచ్‌డీ రోజుల్లో నా విషయం వాన. ముదిగుబ్బ వైపు ఒక పల్లెలో వర్షమాపకం పెట్టాను. గొర్రెలు దాన్ని రెండుసార్లు పడదోశాయి. మూడోసారి పడదోసినప్పుడు నేను లేపి నిలబెట్టలేదు. బస్సు దిగి నాలుగు కిలోమీటర్లు నడవాలి. ఎండ. రాని వానను కొలవడానికి అంత దూరం పోవాలంటే విసుగొచ్చింది. ఇది సాకు కాదు, నా బద్ధకం.

ఆ ఊళ్ళో రూతమ్మ ఉండేది. కూలికి పోయే మనిషి, నాకంటే ఆరేడేళ్ళు పెద్ద. ఒకరోజు మంచినీళ్ళడిగి వాళ్ళింట్లో కూర్చుంటే గోడకు చర్చివాళ్ళిచ్చిన క్యాలెండరు కనిపించింది. తేదీల గళ్ళలో పెన్సిలుతో రెండేసి అక్షరాలు. బె. జా. మూ. ఏమిటని అడిగాను. వాన పడిన మర్నాడు పనికి పోయేముందు చిన్న పారతో చేలో తవ్వి, తడి ఎంత లోతుకు దిగిందో చేత్తో కొలుస్తుందట. బెత్తెడు, జానెడు, మూరెడు. ఎర్రనేలలో ఒకచోట, నల్లనేలలో ఒకచోట. ఆ తడినే మా వైపు పదును అంటారు. ఆకాశం ఎంత ఇచ్చిందని ఇక్కడ ఎవరూ అడగరు, నేలకు ఎంత చేరిందని అడుగుతారు. పదును తెలిస్తే ఎవరి చేలో ముందు విత్తుతారో, కూలికి ఎవరు పిలుస్తారో తెలుస్తుంది. అందుకని మొదలుపెట్టింది. ఐదేళ్ళ క్యాలెండర్లు ట్రంకుపెట్టెలో చుట్టి పెట్టుకుంది.

నా గైడు ఐదేళ్ళుగా నన్ను వెతకమంటున్న కొత్త సంగతి ఆ ట్రంకుపెట్టెలో ఉందని నాకు అప్పుడే అర్థమైంది. అడిగితే ఇచ్చేసింది. నేను రాయబోయే పుస్తకంలో తన పేరు రాయమని మాత్రం అడిగింది. రాయకుండా ఎట్లా అన్నాను. తర్వాత స్కేలు తీసి ఆమె బెత్త, జాన, మూర కొలుచుకున్నాను. ఆ మూడు అంకెలు నా సిద్ధాంతగ్రంథంలో ఉన్నాయి. చేయి ఎవరిదో లేదు.

ఎందుకు రాయలేదు? ఇన్నేళ్ళలో ఈ ప్రశ్నకు చాలా జవాబులు తయారుచేసుకున్నాను. కూలిమనిషి క్యాలెండరంటే పెద్దలు కొట్టిపారేస్తారని భయపడ్డానన్నది ఒకటి. అది కొంత నిజం కూడా. కానీ రాసేటప్పుడు నాకు భయంకంటే సుఖమే ఎక్కువగా ఉండింది, ఎందుకంటే ఇంగ్లీషులో ‘కొలతలు తీయబడినవి’ అని రాసి ఊరుకోవచ్చు, తీసిందెవరో చెప్పనక్కరలేదు. నేను అబద్ధం రాయలేదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అప్పటికి అది దాపరికమే. అబద్ధం ఇంకా పుట్టలేదు.

అది మౌఖిక పరీక్ష రోజున పుట్టింది. ఎవరైనా వచ్చి వినవచ్చు కాబట్టి, మాటవరసకు రూతమ్మకూ తేదీ చెప్పాను. నిజంగా వస్తుందనుకోలేదు. రెండు బస్సులు మారి, ఎనిమిదేళ్ళ కూతురు సునీతను వెంటబెట్టుకొని వచ్చింది. వెనక వరసలో కూర్చుంది. బయటి రాష్ట్రం నుంచి వచ్చిన పరీక్షకుడు పట్టికలు తిప్పి తిప్పి చూసి, ఇంగ్లీషులో అడిగాడు. ఐదేళ్ళలో ఒక్క ఆదివారమైనా కొలత లేదేం?

నేను అప్పటిదాకా గమనించనే లేదు. అడిగిన మరుక్షణం తెలిసిపోయింది. ఆదివారం రూతమ్మ ఆరాధనకు పోతుంది. ఆ రోజు మన్ను ముట్టదు. శనివారం ఎంత వాన పడినా ఆదివారం గడి ఖాళీగానే ఉంటుంది. నేను తలెత్తితే ఆమె ఎదురుగా కనిపిస్తోంది. చేయి చూపిస్తే చాలు. ఆమే సార్, కొలిచింది ఆమే అంటే చాలు. అనలేదు.

ఆదివారం ఆ ఊరికి బస్సు ఉండదు సార్, నేను పోలేకపోయాను అన్నాను.

హాలంతా నవ్వింది. పరీక్షకుడు కూడా నవ్వి, ఆ సంగతి అడుగున ఒక గమనికగా చేర్చమన్నాడు. ఇంగ్లీషు రాని రూతమ్మ, అందరూ నవ్వుతున్నారని తనూ నవ్వింది. ఆ నవ్వు నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. పరీక్ష అయ్యాక వరండాలో నా దగ్గరికి వచ్చింది.

“అందురూ నవ్వినారే, ఏమడిగినాడప్పా ఆ పెద్దాయన?”

“ఆదివారం కొలతలు యాల లేవని అడిగినాడక్కా.”

“నువ్వేం చెప్పినావు?”

“నువ్వు ఆరాధనకు పోతావు, ఆ పొద్దు మన్ను ముట్టవని చెప్పినా.”

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. “అంత పెద్దోళ్ళ ముందర చెప్పినావా? మంచి పని చేసినావప్పా. నవ్వితే నవ్వనీలే.”

తన భక్తిని చూసి నవ్వారనుకుంది. దాన్ని కూడా ఓర్చుకొని నన్ను మెచ్చుకుంది. నాకు అప్పుడు సిగ్గు వేసిందా? వేసింది. ఎంతసేపు? లోపలికి పిలిచి అభినందనలు చెప్పేదాకా.

నెల తర్వాత క్యాలెండర్లు తిరిగిచ్చేందుకు పోయినప్పుడు ఇంకో మాట విన్నాను. వాళ్ళ చర్చిలో, జీవితంలో జరిగిన మేలును నలుగురి ముందు లేచి నిలబడి చెప్పడం ఉంది. సాక్ష్యం అంటారు. రూతమ్మ లేచి చెప్పిందట. తను ఆదివారాన్ని పాటించిన సంగతి చదువుకున్నోళ్ళ సభలో చెప్పుకున్నారనీ, పుస్తకానికి ఎక్కిందనీ. నాకు అదంతా సంతోషంగా చెబుతూ మజ్జిగ ఇచ్చింది. తాగాను. మళ్ళీ ఆ ఊరికి పోలేదు.

ఆ గ్రంథంతో నాకు ఉద్యోగం వచ్చింది. పదును అన్న మాట నా వ్యాసం నుంచి ఇంకా నలుగురి వ్యాసాల్లోకి పోయింది. పరిశోధన వారోత్సవాల్లో ఎవరైనా ఆ మాట వాడితే తలలు నావైపు తిరుగుతాయి. నేను వినయంగా నవ్వుతాను. ఆ వినయం కూడా దొంగదే కదా అని ఎప్పుడైనా అనిపించేది, కానీ మనిషి దేనికైనా అలవాటు పడతాడు, నేను బాగానే అలవాటు పడ్డాను.

ఈ ఏడాది సునీత మా విభాగంలోనే ఎమ్మెస్సీలో చేరింది. మొదటి వారం నా గదికి వచ్చి, “సార్, మా యమ్మ పేరు ఏ పేజీలో ఉండాది? ఫోన్లో ఫొటో తీసుకోని రమ్మనింది” అని అడిగింది. చూసి చెప్తాలేమ్మా అన్నాను. మూడు వారాలు అదే మాట మీద గడిపాను. ఆ పిల్ల లైబ్రరీకి పోయి తనే చదువుకుంది. అమ్మకు రాని ఇంగ్లీషు కూతురికి వచ్చు.

మళ్ళీ వచ్చినప్పుడు కోపంగా లేదు. కోప్పడి ఉంటే నాకు సులువుగా ఉండేది. “అడుగున చిన్న అక్షరాల్లో ఉండేది చదివినా సార్. మా యమ్మకు ఇంకా చెప్పలేదు. మీరు చెప్తారా, నేను చెప్పల్లా?”

నేనే చెబుతానన్నాను. పోయాను. బస్సు దిగిన దగ్గర్నుంచి ఎట్లా మొదలుపెట్టాలా అనే ఆలోచించాను. తీరా ఆమె ఎదుట నిలబడ్డాక సాకులేవీ గుర్తు రాలేదు. జరిగింది జరిగినట్టు చెప్పాను. పేరు రాయలేదని చెప్పినప్పుడు ఆమె పోనీలే అన్నట్టు చూసింది. వరండాలో చెప్పింది అబద్ధమని తెలిశాక మాత్రం కూర్చుండిపోయింది.

“నేను సంఘంలో నిలబడి చెప్పినా కదప్పా. దేవుని ముందర. నా నోటితో అబద్ధం చెప్పిస్తివే.”

ఆమె పేరు దొంగిలించానని ఇన్నేళ్ళూ అనుకున్నాను. నేను చేసింది అంతకంటే పెద్ద తప్పని ఆమె చెప్పేదాకా నా బుర్రకు తట్టలేదు. చదువుకున్న బుర్ర. చర్చికి నేనూ వచ్చి అందరికీ చెబుతానన్నాను. “నువ్వు చెప్పాల్సింది ఈడ కాదు” అంది. అంతే. ఆ రోజు నీళ్ళు కూడా ఇవ్వలేదు, నేనూ అడగలేదు.

తర్వాతి ఆదివారం ఆమె చర్చిలో లేచి, తను ఎప్పుడో చెప్పిన సాక్ష్యంలో ఒక మాట నిజం కాదని, తెలియక చెప్పానని, క్షమించమని అడిగిందట. సునీత చెప్పింది. ఎవరు మోసం చేశారని సంఘంవాళ్ళు అడిగితే నా పేరు ఎత్తలేదట. ఆమె పేరు నేను దాచింది నా లాభానికి. నా పేరు ఆమె దాచింది ఎందుకు? దయ అనుకోవడానికి నాకు అర్హత లేదు. ఆమెనే అడుగుదామంటే మొహం చెల్లదు.

ఈ ఉదయం విశ్వవిద్యాలయానికి ఉత్తరం ఇచ్చాను. కొలతలు నావి కావని, అడుగున ఉన్న గమనిక అబద్ధమని రాశాను. ఆఫీసులో తీసుకొని ముద్ర వేశారు. పట్టా ఉంటుందో, ఉద్యోగం ఉంటుందో తెలియదు. ఊపిరి మాత్రం ఆడుతోంది. ఉత్తరంలో కొలిచిన మనిషి పేరు పూర్తిగా రాయాలి కదా. రూతమ్మ అని రాసి ఆగిపోయాను. ఇంటిపేరు నాకు తెలియదు. సునీతకు ఫోన్ చేసి అడిగి రాసుకున్నాను.