గేలం మింగిన పండుగప్ప

తొంభై ఆరో తొంభై ఏడో, సరిగ్గా గుర్తులేదు. ఆటోనగర్‌లో ఓ చిన్న ఫ్యాక్టరీలో క్రేన్ నడిపేవాణ్ణి. ఒకరోజు గొలుసు జారి ఇనుప దిమ్మ కిందపడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు గానీ కొత్త మెషిన్ నుజ్జయింది. విచారణ తేలేదాకా పనిలోకి రావద్దనీ, పిలిస్తే వచ్చేలా ఊళ్లోనే ఉండాలనీ కాగితం చేతిలో పెట్టారు.

ఆ సంగతి నా భార్యకు చెప్పలేదు. మాది భీమవరం దగ్గర పల్లె. ఆ ఉద్యోగం మా మామగారు ఎవరినో బతిమాలి వేయించింది. ఆయన చెవిన పడుతుందని మొదటిరోజు నోరు మెదపలేదు. నిన్ననే ఎందుకు చెప్పలేదంటుందని రెండోరోజు చెప్పలేదు. ఆ తర్వాత చెప్పడానికి దారే లేకుండా పోయింది. పొద్దున్నే ఖాకీ చొక్కా వేసుకుని, ఆవిడ కట్టిన క్యారేజీ పట్టుకుని బస్సెక్కేవాణ్ణి. తెలిసినవాళ్లెవరూ రారని భీమిలి రోడ్డులో, ఓ గెడ్డ సముద్రంలో కలిసేచోట దిగేవాణ్ణి. షిఫ్టు అయ్యే వేళదాకా రాళ్ల మీద కూర్చోవాలి. ఎదురుగా అంత సముద్రం ఉన్నా ఊపిరాడేది కాదు. గంట గడిచిందనుకుని వాచీ చూస్తే పది నిమిషాలు.

ఊరికే కూర్చుంటే ఎవరైనా అనుమానిస్తారని గేలం కొన్నాను. కొట్లో ఉన్నవాటిలోకెల్లా లావు టంగూసు దారం, బొటనవేలంత కొక్కెం, పెద్ద సీసం గుండు. వారం రోజులు ఒక్క చేపా ముట్టలేదు. సీసం రాళ్ల సందుల్లో ఇరుక్కోవడం, నేను లాక్కోవడం, ఇదే పని.

అక్కడికి రోజూ ఒకతను వచ్చేవాడు. నా వయసే. బోటు పని మానేసి, రాళ్ల మీంచి గేలం వేసి ఇంటికి కూర పట్టుకెళ్లేవాడు. ఓరోజు నా దారం చేతిలోకి తీసుకుని నవ్వాడు.

“ఏటి బావా, సేపని పడతావా, లంగరేత్తావా?”

“పెద్దది పడితే తెగకూడదని...”

“పడితే కదేటి! తేట నీళ్లలో ఇంత దారం కనపడితే సేప దగ్గరికొత్తాదా? నాను సన్న దారమే ఏత్తన్నాను, సూడు.”

తన చుట్టలోంచి సన్న దారం తీసి నాకిచ్చాడు. చిటికెనవేలి గోరంత కొక్కెం, బఠాణీ గింజంత సీసం కట్టాడు. బతికున్న రొయ్యని చచ్చిపోకుండా తోక దగ్గర గుచ్చడం చూపించాడు. పోటు వచ్చేటప్పుడు దూరంగా విసరొద్దని, రాళ్ల పక్కనే వెయ్యమని చెప్పాడు. ఆ రోజు నుంచి చిన్న చిన్న చేపలు పడ్డాయి. ఇంటికి తీసుకెళ్లే వీల్లేదు కనక అతనికే ఇచ్చేసేవాణ్ణి. ఎందుకని అతను అడగలేదు.

ఒకటో తారీఖున అప్పు తెచ్చి, జీతమని ఇంట్లో ఇచ్చాను. నెల దాటాక ఒక మధ్యాహ్నం దారం వేలిని కోసేలా లాగింది.

“ఒగ్గు బావా, ఒగ్గు! లాగితే తెగిపోద్ది!” అని అరిచాడతను.

వదులుతూ, చుట్టుకుంటూ, మోకాళ్లు గీరుకుపోతూ ఒడ్డుకి తెచ్చాను. రెండు కేజీల పండుగప్ప. గేలం లోపలికి మింగేసింది. అతను దారం నోటి దగ్గర కోసి, చేప నా చేతుల్లో పెట్టాడు. దాన్ని ఇచ్చేయబుద్ధి కాలేదు.

ఫ్యాక్టరీ గేటు దగ్గర కొన్నానని ఇంట్లో చెప్పాను. పెరట్లో చేప కోస్తూ మా ఆవిడ “అబ్బా!” అంది. వేలి నుంచి రక్తం. చేప కడుపులో గేలం.

“అమ్మినవాడిదేమో,” అన్నాను.

ఆవిడ వేలు నోట్లో పెట్టుకుని నావైపు చూసింది. “నెల రోజులుగా మీ చొక్కాకి గ్రీజు మరక లేదండీ. ఉతుకుతుంటే ఇసుక రాలుతోంది. అడిగితే ఇంకో అబద్ధం చెబుతారని ఊరుకున్నాను.”

అక్కడే చెప్పులైనా విప్పకుండా పెరటి గుమ్మంలో కూలబడి మొత్తం చెప్పాను. ఆవిడ ఏడవలేదు, తిట్టలేదు.

“క్యారేజీ ఎక్కడ తింటున్నారు?”

“రాళ్ల మీద.”

“ఎండలోనా?” అంది. అప్పుడు నాకు ఏడుపొచ్చింది.

వాళ్ల నాన్నకి ఉత్తరం తనే రాసింది. విచారణ ఇంకో నాలుగు నెలలు సాగింది. చివరికి పనిలోకి తీసుకున్నారు గానీ క్రేన్ ఇవ్వలేదు. కింద నిలబడి బరువులకి గొలుసులు కట్టే పని. వేరే చోట చూసుకునే ధైర్యం లేక రెండు వేల ఎనిమిది దాకా ఆ షెడ్డులోనే ఉన్నాను. తల మీద బరువు కదిలినప్పుడల్లా నా కాలు దానంతటదే ఒక అడుగు వెనక్కి వేసేది.