రెండు యాంటీబాడీలూ, నేనూ కోటిగాడూ

యావన్మంది మిత్రులకు తెలియజేయునది ఏమనగా, టీ కొట్టు దగ్గర జనం చెప్పులు దాచే నా వృత్తికి ఈ రోజుతో స్వస్తి పలుకుతున్నాను.

పొద్దున పురుగుమందుల కొట్టు శేషయ్య చెప్పులు విప్పి, బెంచీ మీద బాసింపట్టు వేసుకుని టీ తాగుతున్నాడు. ఒక చెప్పుని నా కాలితో మెల్లగా లాగబోయి దొరికిపోయాను. సిగ్గేసి పేపర్లో తల దూర్చాను. అందులో కరోనా గురించి రాశారు. ఆ వైరస్ ఎప్పటికప్పుడు వేషం మారుస్తుందట. అందుకని సైంటిస్టులు రెండు యాంటీబాడీలను జత కలుపుతున్నారట. ఒకటి దాని ఒంట్లో పెద్దగా మారని చోటు చూసి పట్టుకుంటుంది. రెండోది అది మన కణాల్లోకి దూరకుండా అడ్డం పడుతుంది. పదో తరగతి తప్పినవాణ్ణి, నాకే అర్థమైంది. గట్టిగా చదివి వినిపించాను.

"మిరపకి రెండు మందులు కలిపి కొట్టినట్టేగా!" అన్నాడు శేషయ్య. తర్వాత నా వంక చూసి, "ఒరేయ్, నువ్వూ కోటిగాడూ చేసిందీ అదేరా! వాడు మమ్మల్ని మాటల్లో పెట్టి పట్టుకునేవాడు, నువ్వు చెప్పులు లేపేసేవాడివి. వాడు లేకుండా నీ వల్ల ఏమవుద్దిరా?" అన్నాడు.

కోటిగాడు రెండో వేవ్‌లో ఆ కరోనాతోనే పోయాడు.

మీకూ అలాంటి జతగాడుంటే కింద కామెంట్లో వాడి పేరు రాయండి. ఇవాళే ఒకసారి ఫోన్ చేసి తిట్టండి కూడా.

అన్నట్టు, శేషయ్య మిరప సంగతి ఒక్కటే అన్నాడు. కోటిగాడి మాట ఎత్తలేదు. ఈ మధ్య ఎవరూ ఎత్తడం లేదు. అందుకే అది నేనే కల్పించి రాశాను.