పుప్పొడికి ఒక పన్ను

టైలరమ్మ కిటికీలోని దళసరి ఆకుల మొక్క మూడేళ్లుగా పూస్తోంది. పువ్వు పువ్వునీ కుంచెతో తడిమినా ఒక్క గింజా కట్టలేదు.

"దాని పుప్పొడి దానికి పనికిరాదమ్మా, అదే రకం ఇంకో మొక్కది కావాలి" అన్నాడు నర్సరీ అతను.

అలాంటిది పళ్ల డాక్టరు గదిలో ఉంది. అక్కడికి పేషెంట్లను తప్ప పోనివ్వరు. ఇంజెక్షనంటే హడలి ఏళ్లుగా భరిస్తున్న పుచ్చుపన్నును ఆవిడ మర్నాడే పీకించుకుంది. నోట్లో దూదితోనే లేచి, డాక్టరు నోరు తెరుచుకుని చూస్తుండగా సంచిలోంచి కుంచె తీసింది.

ఈసారి కాయలు కట్టాయి. పగిలి గింజలు చిందకుండా వాటికి పల్చటి నెట్ గుడ్డ సంచులు కుట్టి తొడిగింది.

"ఈ కాసిని నలుసుల కోసం పన్ను పోగొట్టుకున్నావా?" అన్నాడు భర్త.

"అక్కడ ఎర్రపూల రకం కూడా ఉందండీ. నా నోట్లో ఇంకా ఇరవై ఏడు పళ్లున్నాయి."