మూడో పిలుపు

కడపలో లా చదివే పిల్లలకు ప్రేమజ్యోతి మేడమ్ అంటే హడల్. ఇరవై రెండేళ్లుగా విపత్తుల చట్టం చెబుతోంది. వరదో కరువో దెబ్బకొట్టిన ఊళ్లకు పిల్లల్ని వెంటేసుకుని పోయి, బురదలో కూర్చోబెట్టి అర్జీలు రాయించడమే ఆమె పాఠం. బద్వేలు దగ్గరి పాస్టరుగారి కూతురు. దయ్యాలంటే నవ్వేది, దస్తావేజంటే మాత్రం దండం పెట్టేది.

వరదలో కొట్టుకుపోయి శవం దొరకనివాళ్ల కేసులు ఆమెవే. చట్టం మామూలుగా ఏడేళ్లు ఆగమంటుంది. ఆమె అధికారుల వెంటపడి, విచారణ జరిపించి, ముందే మరణపత్రం ఇప్పించేది. అందుకు సొంతంగా ఓ పద్ధతి పెట్టుకుంది. కోర్టులో బంట్రోతు కేకేసినట్టు, తప్పిపోయిన మనిషి పేరు ఊరందరి ముందు మూడుసార్లు పిలుస్తుంది. ఎవరూ పలకరు. 'జవాబు లేదు' అని రాసి సంతకాలు తీసుకుంటుంది.

రాజంపేట అవతల, కట్ట తెగిన ఏటి ఒడ్డు పల్లెలో రామలక్ష్మమ్మ ఒక్కతే మరణపత్రం అర్జీ మీద మూడేళ్లుగా వేలిముద్ర వేయనంటోంది. ఆమె మొగుడు తిమ్మయ్య దొడ్లో గొర్రెల్ని విడిపించడానికి పోయి ఆ నీళ్లలో కలిసిపోయాడు. ఇంటిస్థలం అతని పేరునే ఉంది. గడువు ఆఖరి రోజు వచ్చేసింది. ఆ సాయంత్రంలోగా కాగితం అందకపోతే కొత్త కాలనీలో ఇల్లు లేనట్టే. ఆమె, ఇద్దరు ఆడపిల్లలు ఇంకో వానాకాలం టార్పాలిన్ పట్ట కిందే.

మిట్టమధ్యాహ్నం ఎండిన ఏట్లో జనం నిలబడ్డారు. "తిమ్మయ్యా!" అని ప్రేమజ్యోతి పిలిచింది. రెండోసారీ పిలిచింది. ఆకు కదల్లేదు. మూడోసారి పిలిచింది.

"వస్తాండా."

కాళ్ల కింది ఇసుకలోంచి, తొందరేమీ లేని గొంతు. జనం చెల్లాచెదురయ్యారు. ప్రేమజ్యోతికి భయమేసింది, నిజంగానే భయమేసింది. చేతిలో పెన్నుంది గాని ఏం రాయాలి? జవాబు వచ్చిందని రాస్తే మనిషి బతికున్నట్టు, ఇల్లు పోయినట్టు.

రామలక్ష్మమ్మ మాత్రం కదల్లేదు. ఇసుక మీద అరచెయ్యి ఆనించి కూర్చుంది.

"ఆయప్ప గొంతే. ఇన్నాళ్లూ యాడుండాడో తెలీక ఎయ్యలే. ఈడనే ఉండాడు. జవాబు లేదనే రాయమ్మా, ఏలిముద్ర ఏస్తా."

ప్రేమజ్యోతి రాసింది. కాగితం మీద ఆమె పెట్టిన మొదటి అబద్ధం అదే. చదువురానివాళ్లకు రాసినదంతా చదివి వినిపించాకే వేలిముద్ర తీసుకోవాలి. గట్టిగా చదవడం మొదలుపెట్టింది. "నా భర్త తిమ్మయ్య..."

రామలక్ష్మమ్మ చటుక్కున ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

"మెల్లిగమ్మా. సచ్చిపోయినట్టు ఆయప్పకింకా తెల్దు."

మిగతాదంతా ప్రేమజ్యోతి ఆమె చెవిలో చదివింది.