ఓటుకు ముందు ఒక పాఠం

చదువు ఎనిమిదో తరగతిలోనే నన్ను వదిలించుకుంది. అందుకని కాలేజీల్లోకి నేను మైకుసెట్టుతోనే వెళ్ళేవాణ్ణి. మా కొట్టు తెనాలిలో. ఎనభైల చివర్లో బాపట్లలో ఒక కాలేజీ కుర్రాళ్ళు సమ్మె టెంటు వేసి నా హారన్లు రెండు కట్టించుకున్నారు. యూనివర్సిటీకి కొత్త వైస్ చాన్సలర్ని వేస్తున్నారట. అందులో మా మాటా వినాలని వాళ్ళ గోల.

వాళ్ళ నాయకుడిది రేపల్లె. చర్చి బడి పంతులుగారి అబ్బాయి. ప్రిన్సిపాల్ టెంటు దాకా వచ్చి మరీ అతన్ని ఉడికించారు.

"మీకు ఎంపిక ఇస్తే సెలవుని ఎన్నుకుంటారు బాబూ."

"ఒక్కసారి ఇచ్చి చూడండి సార్. మా చర్చికి కొత్త పాస్టరుగారిని తీసుకునే ముందు ఒక ఆదివారం ప్రసంగం చెప్పిస్తాం. విని చేతులెత్తుతాం. ఈ వైస్ చాన్సలర్ అవుదామనుకునేవాళ్ళనీ ఒక పాఠం చెప్పమనండి. మావాళ్ళు మంచి పంతుల్ని గుర్తుపట్టకపోతే అప్పుడు నవ్వండి."

ప్రిన్సిపాల్‌కి సరదా పుట్టిందో, టెంటు లేస్తే చాలనుకున్నారో, "సరే, మీరు ఎవర్నంటే వారి పేరు పైకి రాస్తా" అన్నారు. పేర్లు వినిపిస్తున్న ప్రొఫెసర్లు ఇద్దర్ని పిలిచారు. ఇద్దరూ వచ్చారు. పదవి కోసమైతే బాపట్ల ఎండ కూడా చల్లగానే ఉంటుంది.

మొదటాయన బక్కమనిషి. వస్తూనే మైకు పక్కకి జరిపేశారు. నా వ్యాపారానికి అంతకు మించిన అవమానం లేదు. సముద్రం ఒడ్డు ఇసకలో గొయ్యి తవ్వితే మంచినీళ్ళు ఎందుకు పడతాయో చెప్పారు. వాననీరు తేలికట, ఇసకలో దిగి ఉప్పునీటి మీద తేలి నిలబడుతుందట. ఆయన చెప్పినంతసేపూ నేను బీడీ ముట్టించడం మర్చిపోయాను.

"పరీక్షలు వాయిదా వేస్తారాండీ?" అని ఎవరో అడిగారు.

"ఎందుకూ?" అన్నారాయన, నిజంగానే అర్థంకాక.

రెండో ఆయన పాఠం జోలికే పోలేదు. పరీక్షలు నెల వెనక్కి జరిపిస్తానని చెప్పి కూచున్నారు. ఆ ఈలలకి నా హారన్లు కూడా కూత పెట్టాయి.

చేతులెత్తమన్నారు. బక్కాయనకి నాయకుడు ఎత్తాడు, ముందు వరసలో ఇద్దరు ముగ్గురు అమ్మాయిలు ఎత్తారు, వెనక నేను.

"మైకన్నా, నువ్వు దించు! నీకు ఓటు లేదు" అని ఒక కుర్రాడు అరిచాడు.

"పాఠం అర్థమైనవాళ్ళు ఎత్తమన్నారనుకున్నా తమ్ముడూ!"

అందరూ నవ్వారు, నాయకుడు తప్ప. మిగతా చేతులన్నీ రెండో ఆయనకే లేచాయి కాబట్టి, ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్ళి ఆ పేరే చెప్పి వచ్చాడు.

"మొదటాయన పేరు చెప్పెయ్యకపోయావా?"

"చేతులు వాళ్ళవి కదన్నా."

"ప్రిన్సిపాల్ నవ్వారా?"

"కుర్చీ చూపించి కూచోమన్నారు. నవ్వినా బాగుండేది."

చివరికి ప్రభుత్వం ఆ ఇద్దర్నీ కాదని మూడో ఆయన్ని వేసింది. పరీక్షలు వాటంతట అవే వాయిదా పడ్డాయి.

మరుసటేడు రేపల్లెలో ఆ నాయకుడి చర్చికి పాస్టరుగారి ఎంపిక. మైకు నాదే, పిలిపించింది అతనే. ఒక ఆదివారం ఒకాయన మధ్యాహ్నం దాటేదాకా చెప్పారు, బాగా చెప్పారు. మరో ఆదివారం ఇంకొకాయన అన్నం వేళకి ముందే ఆమెన్ అనేశారు. చేతులెత్తమంటే చర్చి చర్చంతా రెండో ఆయనకే ఎత్తింది.

అతను మెల్లిగా నా వైపు తిరిగాడు.

"ఏం అనకన్నా."

"నేనేమన్నాను?" అంటూ వైరు చుట్టుకున్నాను.