రాళ్ళకు ప్రమోషన్లు

నా చిన్నప్పుడు మా ఆర్.కె. పురం సర్కారు క్వార్టర్లలో ఎవరి స్థాయి ఏమిటో వాళ్ళ ఇంటి టైపే చెప్పేది. మా నాన్న టైపు టూ గుమాస్తా. ప్రమోషన్ వస్తే టైపు త్రీ, ఆ తర్వాత రిటైర్మెంటు. నా లోకజ్ఞానం అంతవరకే. అందుకని బళ్ళో రాళ్ళ గురించి రాయమంటే, అగ్నిశిల ఎదిగి అవక్షేప శిల అవుతుందనీ, అది ఇంకా ఎదిగి రూపాంతర శిలై అక్కడితో ఆగిపోతుందనీ బాణాలు గీశాను. టీచరు కొట్టేసి, మర్నాడు క్లాసులో లేచి సరిగ్గా చెప్పమంది.

ఏడుపు మొహంతో ఎదురింటి అక్క దగ్గరికి వెళ్ళాను. ఆవిడ వాళ్ళన్నయ్య ఇంట్లో ఉండి సివిల్స్‌కి చదివేది. ఈసారి రాకపోతే కాకినాడ వెళ్ళిపోవాల్సిందేనని అన్నయ్య ముందే చెప్పాడు. ఆ పొద్దున ఫలితాలొచ్చాయి. అక్క నంబరు లేదు. ఆ సంగతి తెలిసే వెళ్ళాను. పిల్లలకు ఎప్పుడూ తమ ఏడుపే పెద్దది.

వంటింట్లో ఒక్కతే కూర్చుని ఉంది. నా బాణాలు చూసి, వాచిన కళ్ళతోనే నవ్వింది. "అచ్ఛా! రాళ్ళకి కూడా ప్రమోషన్లిచ్చేశావుటే!"

లేచి బెల్లం పాకం పట్టింది. పళ్ళెంలో పోస్తే చల్లారి గట్టిపడింది. అది అగ్నిశిల అంది. దాన్ని రోట్లో దంచి, ఆ పొడిని తడిచేత్తో ఉండగా నొక్కింది. అది అవక్షేప శిల. ఉండను పెనం మీద పెట్టి, కరగనివ్వకుండా సెగ చూపిస్తూ అట్లకాడతో అదిమితే బిగిసి నల్లగా మెరిసింది. అది రూపాంతర శిల. ఇక అయిపోయిందనుకున్నాను. దాన్నీ దంచేసింది. కొంత మళ్ళీ ఉండ అయింది, కొంత మళ్ళీ పాకం. "ఏదైనా ఏదైనా అవుతుందే. మన వెనక రిడ్జి గుట్ట మీద రాళ్ళున్నాయే, అవీ ఒకప్పుడు ఇసకే." నిజం రాళ్ళకు ఎన్ని యుగాలు పడుతుందో గాని, మాకు ఒక్క సాయంత్రం పట్టింది.

ఇంతలో వాళ్ళ వదిన వచ్చింది. "బెల్లమంతా తగలేశావా? పరీక్షలాగే!"

అక్క ఏడుస్తుందనుకున్నాను. గిన్నెలో గట్టిపడ్డ బెల్లాన్ని గరిటెతో గోకి, కాసిని నీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టింది. "మళ్ళీ కరిగిస్తాను వదినా," అంది మెల్లిగా.

మర్నాడు క్లాసులో బాణాలు అన్ని వైపులా తిప్పి చెప్పాను. అక్క ఆ వారమే రైలెక్కేసింది. ఆఫీసరు కాలేదు, ఊళ్ళో ఆడపిల్లల బళ్ళో భూగోళం చెబుతోందని తర్వాత విన్నాం.

నేనూ సర్కారు కొలువే చేశాను. ఎదిగింది తక్కువ, అరిగింది ఎక్కువ. ఏ హోదాలో రిటైరయ్యారని ఎవరైనా అడిగితే, ప్రస్తుతం అవక్షేప దశలో ఉన్నానని చెబుతాను. మోకాళ్ళూ అదే మాటంటాయి. అయినా పాకం ముదిరి గట్టిపడిపోయిన రోజున గిన్నెను సింకులో పడెయ్యను. పక్కనున్న స్టూలు మీద కాసేపు కూలబడి, మెల్లిగా లేచి, కాసిని నీళ్ళు పోసి, మళ్ళీ పొయ్యి వెలిగిస్తాను.