ఇంటిపేరు మారినా పోనిది

డాక్టరు మా అన్నతో మాట్లాడుతూ మాట్లాడుతూ ఉన్నట్టుండి నావైపు తిరిగాడు. నాకు భయం మొదలైంది సరిగ్గా అప్పుడే.

సూర్యాపేటలో మా ఇంటికి దగ్గర్లోనే ఉన్న ఆసుపత్రి అది. అన్నకు పెద్దపేగు ఆపరేషన్ అయింది, కుట్లు విప్పించడానికి వెంటబెట్టుకుని వెళ్ళాను. గడ్డ కేన్సరే అని అప్పటికే తెలుసు. అది విన్నరోజు నేను ఏడ్చింది అన్న కోసం. ఈసారి డాక్టరు వేరే ప్రశ్నలు అడుగుతున్నాడు. మీ నాన్న ఏ వయసులో పోయారు, దేనివల్ల పోయారు అని.

"మొలలు సార్," అన్నాడు అన్న. "రక్తం పోయి పోయి సన్నవడ్డడు. నలభై నాలుగేండ్లకే పోయిండు. మా ఇంట్ల అందరిది వేడి ఒళ్ళు."

తాత సంగతి అడిగితే, తాతదీ వేడేనన్నాడు. డాక్టరు పెన్ను కింద పెట్టి, పేషెంటును వదిలేసి, పక్కన సంచి పట్టుకుని కూర్చున్న నన్ను చూశాడు.

"మీకెన్నేళ్ళమ్మా?"

ముప్పై మూడని చెప్పాను.

మా పుట్టిల్లు మిర్యాలగూడ. పొలం త్రిపురారం దగ్గర కాలువ కింద. ఆ ఇంట్లో పొద్దున లేస్తే సబ్జా గింజలు నానబెట్టిన గ్లాసులు వరసగా కనిపించేవి. మామిడిపండ్ల రోజుల్లో నాన్నకు పండు పెట్టేవాళ్ళు కాదు. ఆదివారం కోడికూర వండితే ఆయనకు చారు పోసేవాళ్ళు. కడుపులో నొప్పి వస్తే వేడి, నీరసం వస్తే వేడి. దొడ్డికి పోయినప్పుడు రక్తం పడితే ఇంకాస్త ఎక్కువ వేడి. నాన్న ఏడాదిపాటు మజ్జిగ తాగాడు. తర్వాత ఎవరో చెబితే మొలలకు సూదిమందు వేసే అతని దగ్గరికి పోయాడు. పెద్దాసుపత్రికి చేరేసరికి రోగం కాలేయం దాకా పాకింది. అప్పుడు కూడా ఇంట్లో ఎవరూ దాని పేరు ఎత్తలేదు, వేడి ముదిరిందన్నారు.

ఒక్క విషయంలో మాత్రం మావాళ్ళను తప్పు పట్టలేను. అది వంశంలో వస్తుందని వాళ్ళు ఎప్పుడో కనిపెట్టారు. పేరు పెట్టడంలోనే పొరపడ్డారు.

డాక్టరు చెప్పింది ఇదీ. ఒంట్లో కణాలు ఒకటి రెండుగా నకలు అయ్యేటప్పుడు తప్పులు దొర్లుతుంటాయి, వాటిని దిద్దడానికి కొన్ని జన్యువులు ఉంటాయి. మా ఇంట్లో అలా దిద్దే జన్యువుల్లోనే ఒకటి చెడి, ఒకరి నుంచి ఒకరికి వస్తున్నట్టుంది. అది వచ్చిన ప్రతివాళ్ళకూ కేన్సర్ రావాలని లేదు, కానీ మిగతావాళ్ళకన్నా ఎక్కువగా, చిన్నవయసులోనే రావచ్చు. తల్లికో తండ్రికో ఉంటే ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం. కొడుకా కూతురా అన్న తేడా లేదు.

తల్లిదండ్రుల గుణాలు పిల్లలకు ఎలా వస్తాయో చెప్పే బఠానీ గింజల పాఠం నేను డిగ్రీలో చదివాను. గళ్ళు గీసి, అక్షరాలు నింపి, మార్కులు కూడా బాగానే తెచ్చుకున్నాను. ఆ గళ్ళలో ఒకటి నాదై ఉంటుందని అప్పుడు అనుకోలేదు.

లేవబోతుంటే ఆయన ఇంకొకటి అడిగాడు. మీ ఇంటి ఆడవాళ్ళలో ఎవరికైనా గర్భసంచి కేన్సర్ వచ్చిందా? ఇదే జన్యువు ఆడవాళ్ళకు అక్కడ కూడా ఇబ్బంది పెడుతుందట. అన్న లేదన్నాడు. నాకు మేనత్త గుర్తొచ్చింది. కోదాడ దగ్గర అనంతగిరికి ఇచ్చారు ఆమెను. గర్భసంచి కేన్సర్‌తోనే పోయింది. మా ఇంటి రోగాల లెక్కలో ఆమెను ఎవరూ ఎప్పుడూ కలపలేదు. రోగం పేగుల్లో రాలేదు, పైగా ఆమె ఇంటిపేరు వేరు.

ఆ మాటే మిర్యాలగూడలో నా మీద కూడా ప్రయోగించారు. అన్నను దింపడానికి వెళ్ళినప్పుడు, నేను పరీక్షలు చేయించుకుంటున్నానని చెబితే మా చిన్నాయన నవ్వాడు. నాన్నకు తమ్ముడు, ఇప్పుడు ఇంటికి పెద్ద ఆయనే.

"నువ్వెందుకు పరేషాన్ అయితవ్ బిడ్డా? నీకు ఇంటిపేరు మారె, గోత్రం మారె. మా ఇంటి వేడి నీకెట్ల వస్తది?"

"ఇంటిపేరు మారిందని నా ముక్కు మారిందా చిన్నాయనా? నాయిన ముక్కే కద నా మొకానికి."

అన్నకు నవ్వొచ్చి, కుట్లు విప్పిన చోట లాగితే పొట్ట పట్టుకున్నాడు. చిన్నాయన నవ్వలేదు. చదువుకున్నోళ్ళకు లేని రోగాలు అంటగట్టుకునుడు అలవాటని గొణుక్కుంటూ బయటికి వెళ్ళాడు. అమ్మ నా చెయ్యి పట్టుకుని, నీకు లేదనే అనుకుందాం అని మాత్రం అంది. అనుకోవడంతోనే నాన్నను పోగొట్టుకున్నాం అని నోటిదాకా వచ్చింది. అమ్మ ముఖం చూసి మింగేశాను.

అత్తగారిది కోదాడ. మేమిద్దరం వెళ్ళి చెబితే, ఆమె అభ్యంతరం ఇంకో రకం. పరీక్షలు చేయించుకోవడం కాదు, ఆ మాట బయటికి పొక్కడం ఆమెకు ఇష్టం లేదు.

"రేపు పిల్లకు సంబంధాలు చూసేటప్పుడు ఎవరైనా అడిగితే ఏం చెప్తావమ్మా?"

పిల్లకు పదేళ్ళు. పెన్సిల్ చెక్కుకోవడం కూడా ఇంకా సరిగ్గా రాదు.

"ఉన్నదున్నట్టు చెప్తా అత్తయ్యా. ఇన్నాక భయపడేటోళ్ళకు నేనే పిల్లనియ్య."

మా ఆయన తల వంచుకుని ఇడ్లీ తింటున్నాడు. బస్సులో తిరిగొస్తుంటే, అమ్మతో అంత గట్టిగా అనాలా అన్నాడు. అనాలి అన్నాను. టికెట్లు జేబులో పెట్టుకుని, పరీక్ష ఎప్పుడో చెప్పు, సెలవు పెడతా అన్నాడు.

నేను ధైర్యవంతురాలిని కాదు. ఆ రోజుల్లో పిల్లలు బాత్రూంలోంచి ఆలస్యంగా వస్తే తలుపు కొట్టేదాన్ని. నా కడుపులో ఏ మూల గుడగుడమన్నా అదేనేమో అనుకునేదాన్ని. కానీ భయం వేసిన ప్రతిసారీ నాన్న మజ్జిగ గ్లాసు కళ్ళముందు కనిపించి కోపం వచ్చేది. భయం కన్నా కోపమే నన్ను నడిపించింది.

జన్యు పరీక్షకు అన్న రక్తం ముందు పంపారు. ఆయనలో ఏ మార్పు ఉందో తేలాక అదే నాలో ఉందా అని వెతుకుతారు. ఆలోపు పేగును కెమెరా గొట్టంతో చూద్దామన్నాడు డాక్టరు. దానికి ముందురోజు అన్నం మానేసి, మందు కలిపిన నీళ్ళు తాగుతూ పేగు కడుక్కోవాలి. రమ్మనకుండానే అత్తగారు కోదాడ నుంచి వచ్చారు. పిల్లల్ని పక్కింటికి పంపి, బాత్రూం దారిలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. నేను పరుగెత్తుకుంటూ పోయి నీరసంగా వస్తుంటే, "ఏకాదశికి ఉపవాసం ఉండమంటే కళ్ళు తిరుగుతాయంటావు. దీనికి మాత్రం భలే ఉన్నావే" అన్నారు. ఇద్దరం నవ్వాం. మళ్ళీ పరుగెత్తాను.

కెమెరాలో పేగు గోడకు మొలిచిన చిన్న పిలక ఒకటి కనిపించింది, బొబ్బర గింజంత. అక్కడికక్కడే కోసి తీసేశారు. అది కేన్సర్ కాదు. వదిలేస్తే కొన్నాళ్ళకు అయ్యే రకం. నాన్నలో కూడా ఎప్పుడో ఒకప్పుడు అది గింజంతే ఉండి ఉంటుంది. అప్పుడు ఎవరైనా చూసి ఉంటే, అని ఆ రోజంతా అనుకున్నాను.

తర్వాత జన్యు పరీక్ష ఫలితం వచ్చింది. అన్నలో ఉన్నదే నాలోనూ ఉంది. ఇక ఏటా ఆ కెమెరా పరీక్ష చేయించుకోవాలి, గర్భసంచికి కూడా పరీక్షలు ఉంటాయి. ఫోన్లో విని అమ్మ ఏడ్చింది, ఎవరికీ చెప్పొద్దంది. చిన్నాయన ఫోన్ లాక్కుని అదే మాట ఇంకొంచెం గట్టిగా చెప్పాడు. సరే అనలేదు నేను. ఫోన్ పెట్టేసి వెంటనే అనంతగిరిలో ఉన్న వదినకు చేశాను, పోయిన మేనత్త కూతురికి. ఆమె మిరప చేలో ఉంది, వెనక కూలీల మాటలు వినిపిస్తున్నాయి. అంతా చెప్పాను.

"అయితే మా అమ్మది కూడా మీ ఇంటి వేడేనా?"

"వేడి కాదు వదినా. కేన్సరు. మా నాయినకు, మీ అమ్మకు ఒక్క కాడికెళ్ళే వచ్చింది. నువ్వు చూపించుకోవాలె."

"నాకు కూడ నడుమల నడుమల రక్తం కనవడుతున్నదే. వయసుతోని అనుకున్న." కూలీలకు ఏదో కేక వేసి, మళ్ళీ ఫోన్లోకి వచ్చింది. "సోమవారం వస్త. నువ్వు ఎంబడి రావాలె మరి."

వస్తానన్నాను. వదినకు ఏం తేలుతుందో ఇంకా తెలియదు. పిల్లలు పడుకున్నాక ఇది రాస్తున్నప్పుడల్లా సోమవారం గురించే ఆలోచిస్తున్నాను. అయినా ఆ ఫోన్ చేసినందుకు, చిన్నాయన నాతో మాట్లాడటం మానేసినందుకు నాకు ఏ విచారమూ లేదు.

ఫోన్ చేసిన మర్నాడు పొద్దున, స్కూల్ ఆటో రాకముందే పిల్లలిద్దర్నీ కూర్చోబెట్టుకున్నాను. అప్పటికింకా మా దగ్గరే ఉన్న అత్తగారు టిఫిన్ డబ్బాలు సర్దుతూ వింటున్నారు, నన్ను ఆపలేదు. దొడ్డికి పోయినప్పుడు రక్తం కనిపిస్తే నాకు చెప్పాలని, అందులో సిగ్గు లేదని చెప్పాను. ఆ మాటకు చిన్నోడు పడీ పడీ నవ్వాడు, నవ్వనిచ్చాను. పిల్ల నవ్వకుండా, నీకున్నది నాకు కూడా వచ్చిందా అని అడిగింది.

"నాకు తెల్వదు బిడ్డా. వచ్చి ఉండొచ్చు, రాకపోయి ఉండొచ్చు. నువ్వు పెద్దగైనంక పరీక్ష చేయించుకుంటవో లేదో నీ ఇష్టం, అప్పుడు నీ ఎంబడి నేనుంట. నేనైతే ఏటేటా పోయి చూపించుకుంట. మీ అమ్మ దవాఖానకు ఎందుకు పోతదని ఎవరన్న అడిగితే, మా ఇంట్ల పేగు కేన్సర్ వస్తది, అందుకే మా అమ్మ ముందుగాల్నే చూపించుకుంటది అని చెప్పుండ్రి."